నీళ్ల ముందు తల ఊపాను

నా మెడ మీద ఒక బరువుంది. గుండె మీద అని రాస్తే వినడానికి బాగుంటుందని తెలుసు. కానీ నాది మెడ మీదే. ఎవరైనా ఎదురుగా నిలబడి అవునా కాదా అని అడిగితే చాలు, వెనక నరం బిగుసుకుపోతుంది. కొన్నేళ్లుగా ఇదే వరస. దిండు మార్చాను. ఆయుర్వేద తైలం రాయించుకున్నాను. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, ఎముకలు బాగానే ఉన్నాయన్నాడు. ఎముకలు బాగానే ఉంటాయి. వాటి తప్పేముంది?

ఈ సంగతి మా ఆవిడకు తెలియదు. మా అమ్మకు తెలియదు. తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని గట్టిగా ప్రయత్నించానా? ఇదిగో, నన్ను నేను అడిగిన మొదటి ప్రశ్నకే జవాబు నసుగుతున్నాను. లేదు. ప్రయత్నించలేదు. పైగా ఫోనులో తెలియని దేశం నంబరు మెరిస్తే ఇప్పటికీ ఫోను బోర్లా పెట్టేస్తాను. అది ఆగేదాకా తీయను. ఆగాక కాసేపు కూర్చుంటాను.

మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నాకు తెలియరు. నేను కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి. రోజూ వచ్చే వాడుకమనిషికి అసలు సంగతి చెప్పం. బస్సు దిగి, ఒక గిన్నె కొనుక్కుని, మళ్లీ బస్సెక్కి పోయేవాడికి మాత్రం ఒక్కోసారి ఉన్నదున్నట్టు చెప్పేస్తాం. మళ్లీ కనబడడన్న ధీమా. మీరూ నాకు అలాంటివారే అనుకుంటున్నాను. కోపం తెచ్చుకోకండి.

మాది తణుకులో స్టీలు సామాన్ల కొట్టు. మా నాన్న బేరంలో నోటితో ఒప్పుకునేవాడు కాదు. వచ్చినావిడ గిన్నె తిప్పి చూస్తూ, "ఇంకాస్త చూసెయ్యండి శెట్టిగారూ, ఎప్పుడూ మీ దగ్గరేగా కొంట" అంటే ఆయన తల ఒక తీరుగా ఆడేది. నిలువుగా కాదు, అడ్డంగానూ కాదు. రెండు భుజాలకూ ఏదో రహస్యం చెబుతున్నట్టు అటోసారి, ఇటోసారి. ఆవిడ ఒప్పుకున్నాడనుకునేది. గిన్నెకు పేరు కూడా కొట్టించేసుకునేది. పేరు పడ్డాక వెనక్కిచ్చేదేముంది? అప్పుడు నాన్న పాత రేటే చెప్పేవాడు. "మీరు తలూపారుగా!" అని ఆవిడ గోల పెడితే, "మెడ పట్టేసిందమ్మా" అనేవాడు.

నాతో మాత్రం తర్వాత అనేవాడు. "నోటితో అన్నామంటే కట్టుబడాల్రా. తలూపామనుకో, తీరిగ్గా చూసుకోవచ్చు."

నేను ఆ తల ఊపును గల్ఫ్‌లోని ఈ ఫుజైరా రేవు దాకా తెచ్చుకున్నాను. ఇక్కడ నాది ఓడలకు సరుకులు వేసే కంపెనీలో కొనుగోళ్లూ అమ్మకాలూ చూసే పని. ఇంధనం పోయించుకోవడానికి లంగరేసిన ఓడలకు కూరగాయలు, తాళ్లు, సబ్బులు పంపిస్తాం. అన్ని దేశాల వంటవాళ్లూ బేరమాడతారు. వాళ్లు "లాస్ట్ ప్రైస్?" అంటారు, నేను తల ఆడిస్తాను. దానికి అర్థం అవునని వాళ్లకి, చూద్దామని నాకు. ఆ ఊపు మీద బతికాను. దాన్ని తెలివి అనుకున్నాను కూడా.

కరోనా వచ్చిన ఏడాది నేను ఇక్కడ ఒంటరిని. మా ఆవిడ తణుకులోనే ఉండిపోయింది. అంతకు కొన్ని నెలల ముందే మాకు కడుపు పోయింది; ఆ దిగుల్లో ఆమె, విమానాలు ఆగిపోయి నేను. నాకు జ్వరం తగులుకుంది. కంపెనీవాళ్లు గదిలోంచి కదలొద్దన్నారు. నాతో గదిలో ఉండేవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. దగ్గు వస్తే ఆ శబ్దానికి నేనే భయపడేవాణ్ణి.

వరండా ఆ చివర గదిలో కొందరు ఆఫ్రికా ఆడవాళ్లుండేవారు. వాళ్లలో ఎఫువా అని ఒకామె. దేశం ఘానా, పని ఒడ్డున ఉన్న హోటల్లో గదులు సర్దడం. పొడగరి, నవ్విందంటే వరండా అంతా వినబడేది. ఒకరోజు నా తలుపు ముందు మూతపెట్టిన గిన్నె పెట్టి దూరంగా నిలబడింది. ఇక్కడ మా మాటలన్నీ సగం ఇంగ్లీషు, సగం హిందీ. నేను తెలుగులో రాస్తున్నాను.

"సూప్, బ్రదర్. కారంగా ఉంటుంది. తాగు, చావవు."

"ఇందులో మాంసం ఉందా సిస్టర్?"

"లేదు. చేప."

"చేప కూడా నేను..."

"చచ్చిపోతున్నావు, ఇంకా బేరమా? సరే, చేప తీసేస్తాను. నీళ్లు తాగు."

తీసేసింది కూడా. ఆ తర్వాత రోజూ చేప లేకుండానే వచ్చింది. మూత తీస్తే వాసన మాత్రం చేపదే. నేను అడగలేదు. మా వంశంలో అడగకుండా తిన్న మొదటివాణ్ణి బహుశా నేనే.

ఆ రోజుల్లోనే దేవుడితో ఒప్పందం పెట్టుకున్నాను. ఏ దేవుడని నిర్దిష్టంగా అడ్రసు వేయలేదు. బతికితే ఈమె ప్రార్థనకు వెళ్లే చోటికి ఒకసారి వస్తాను అన్నాను. ఒకసారి అని గట్టిగా చెప్పాను. బతికాను. వెళ్లాను. ఒకసారితో ఆగలేదు.

వాళ్లది చిన్న ప్రార్థన సహవాసం. ఘానావాళ్లు, నైజీరియావాళ్లు కొద్దిమంది. తెల్లటి పొడుగు అంగీలు, నడుముకు తెల్లటి పట్టీ, చెప్పుల్లేని కాళ్లు. హాలు మధ్య బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద ఎనామిల్ గిన్నెలో నీళ్లు. వాళ్లను నడిపించేది మదర్ కంఫర్ట్. బజారులో కుట్టుషాపు ఆమెది. ప్రార్థనలు ఆమె ఇంటి హాల్లోనే. కర్టెన్లు మూసి, డప్పు లేకుండా, చప్పట్లు కూడా అరచేతులు తగలీ తగలకుండా. పాట పైకి లేస్తుంటే మదర్ వేలు పెదవుల మీదికి వెళ్లేది. పక్క ఫ్లాట్లవాళ్లు ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆ భయంలోనే వాళ్లు అంత ఆనందంగా ఎలా ఉండేవారో నాకు అప్పుడూ తెలియలేదు.

అక్కడ సభ్యత్వం అంటే పేరు రాయించుకోవడం కాదు, మాట ఇవ్వడం. తాగకూడదు. పరాయి సంసారం జోలికి పోకూడదు. దేవుడు తప్ప ఇంకో శక్తిని, వేరు గానీ దారం గానీ తాయెత్తు గానీ, ఒంటి మీదా ఇంట్లోనూ ఉంచుకోకూడదు. ప్రతివాడికీ ఒక ప్రార్థన జోడీని ఇస్తారు. మనసులోది జోడీకి చెప్పుకోవచ్చు, జోడీ దాన్ని ఇంకో చెవికి మోయకూడదు, ప్రాణం మీదికి వచ్చినా సరే. ఇవన్నీ గిన్నెలో చెయ్యి ముంచి చెప్పాలి. చివరి మాట ఇది: ఈ నీళ్ల ముందు అబద్ధమాడితే నా ఇంట మాట ఎండిపోవాలి.

నేను అక్కడా ఊరుకోలేదు.

"మదర్, నా నోట అందాం. ఇంట అని ఇంటినెందుకు లాగడం?"

ఆమె గట్టిగా నవ్వేసి, వేలు తన పెదవుల మీదే వేసుకుంది. "మై సన్, నీకు చొక్కా కుడితే బేరమాడు, తగ్గిస్తాను. ఇక్కడ లాస్ట్ ప్రైస్ లేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, నా ఇంట అనే అన్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. అది ఇప్పుడు తలుచుకుంటే వేళ్ల చివర్లు మొద్దుబారతాయి.

నా జోడీ ఎఫువా. ఆమెకు దాచుకునే అలవాటు లేదు. చేరిన రోజునే అందరి ముందూ చెప్పుకుందట, తన అమ్మమ్మ ఊళ్లో పాత దేవతల గుడి చూసుకునేదని, వేర్లూ పూసలూ కట్టేదని, తాను అవన్నీ వదిలి వచ్చానని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆమె నిజాయితీగా చెప్పుకున్న మాటే చివరికి ఆమె మెడకు చుట్టుకుంది.

నా తల ఊపును చదవడం నేర్చుకున్న మొదటి ఆఫ్రికా మనిషి కూడా ఆమే. వచ్చే వారం తప్పకుండా వస్తావా అంటే నేను తల ఆడిస్తే, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఇది అవును కాదు. ఇది కాదు కూడా కాదు. ఇంకా గుమ్మంలో నిలబడి ఉన్నావు. నోటితో చెప్పు" అనేది.

మరుసటి ఏడాది మా ఆవిడ వచ్చింది. మాకొక ఒంటిగది ఫ్లాటు దొరికింది. ఆమె ప్రార్థనలకు రాలేదు, నన్ను వద్దనలేదు. కొన్నాళ్లకు మళ్లీ నెల తప్పింది. సంతోషించాలి కదా. నాకు మొదటి క్షణం నుంచీ భయమే. ఆమె బాత్రూములో కాస్త ఆలస్యమైతే తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. "ఏవండీ, నీళ్లు పోసుకుంటన్నా, దూకేయట్లేదు" అని లోపల్నించి కసిరేది.

మా అమ్మ అక్కడ ఊరుకుంటుందా? ఫోన్ చేసింది. "ఒరే నాన్నా, తాయెత్తు కట్టించాను. అమ్మాయికి కట్టకపోయినా పర్లేదు, దేవుడి దగ్గర పెట్టు. కందిపొడిలో పెట్టి పంపిస్తన్నా, జాగ్రత్తగా తియ్యి, పొడంతా ఒలకబోసేవు."

కందిపొడిలో ఎందుకంటే, ఇక్కడ మంత్రతంత్రాలు నేరం. విమానాశ్రయంలో ఇలాంటివి పట్టుకుంటారని, పట్టుబడితే జైలని, ఆపైన దేశం నుంచి పంపేస్తారని అందరం వినే ఉన్నాం. మా అమ్మకి అది అల్లం మురబ్బా పంపినంత సంగతి. తెచ్చినాయనకు తానేం మోసుకొచ్చాడో తెలియనే తెలియదు. చిన్న రాగి గొట్టం, పైన నల్లగుడ్డ చుట్టి కుట్టినది. కంది వాసన వేస్తోంది.

నేను ఎఫువాకు చెప్పాను. జోడీ కదా. నా భయం చెప్పాను, పోయిన కడుపు సంగతి చెప్పాను, తాయెత్తు చూపించాను. ఆమె చెయ్యి చాపలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది.

"సముద్రంలో వేసెయ్యి బ్రదర్. నేనెవరికీ చెప్పను, మాటిచ్చాను. కానీ వేసెయ్యి."

నేను తల ఆడించాను.

"నోటితో," అంది.

"వేసేస్తాను" అన్నాను.

వేయలేదు. అప్పటి నా లెక్క ఏమిటో విప్పి చెబుతాను, సిగ్గుపడుతూనే. మా అమ్మ దేవుడి దగ్గర పెట్టమంది. వాళ్ల దేవుడు నన్ను బతికించాడు. మా దేవుడు మా అమ్మ మాట వింటాడు. ఇద్దర్నీ ఒక్కచోట చేర్చి పెడితే ఏ ఒక్కరూ తప్పించుకోలేరు కదా? సరుకు ఇద్దరి దగ్గరా చెప్పి ఉంచడం మా వృత్తిలో మామూలు. ఒకడు చెయ్యిస్తే ఇంకొకడు అందుకుంటాడు. ప్రార్థనకు ముందు హాల్లో ఎవరూ లేనప్పుడు బల్లకు పరిచిన తెల్లగుడ్డ కింద, సరిగ్గా గిన్నె వెనక, ఆ తాయెత్తు దూర్చాను. మాకది దీవెన. తల్లి చేత్తో కుట్టిన గుడ్డముక్క. వాళ్లకి అదేమిటో నాకు తెలియదా? తెలుసు. ఎఫువా వెనక్కి వేసిన అడుగు నేను చూశాను. తెలిసే పెట్టాను. ఎవరూ చూడరులే అనుకున్నాను.

ఆ రోజు హాలు ఊడ్చి, గుడ్డ పరిచి, నీళ్లు నింపే వంతు ఎఫువాది.

ఆ మధ్యాహ్నమే ప్రార్థనకు అందరం చేరాం. గుడ్డ మీద చుక్క నీళ్ల మరక ఉందని మదర్ దాన్ని మార్చబోయింది. నల్లటిది దొర్లి టైల్స్ మీద పడింది. చిన్న చప్పుడే. ఏసీ హోరులో కూడా అందరికీ వినబడింది.

ఎవరో "జూజూ" అన్నారు. చేతబడి అన్నమాట. ఆ మాటతో ఒకామె ఏడుపు మొదలుపెట్టింది. ఇంకొకాయన గబగబా వెళ్లి తలుపు గడియ మళ్లీ చూసి వచ్చాడు. బయట ఎవరి కంటైనా పడితే అందరం విమానం ఎక్కాల్సిందే అన్నాడు. నాకు మా ఆవిడ కనబడింది. ఆ కడుపుతో, చేతిలో ఒక పెట్టెతో, ఏదో ఆఫీసు ముందు నిలబడినట్టు.

మదర్ ఎవరిదని అడిగింది. ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు. నాది, మా అమ్మ పంపింది, ఇందులో చెడు లేదు అని మూడు ముక్కలు చాలు. అప్పుడామె ఒక్కొక్కరినీ గిన్నెలో చెయ్యి పెట్టించి అడగసాగింది. నాకన్నా ముందు ఎఫువా దగ్గరికి వచ్చేసరికి గది మారిపోయింది. ఆమె అమ్మమ్మ గుర్తొచ్చింది అందరికీ. ఆ మొహాల్లో చూశాను.

"ఇది నీదా?"

"కాదు, మదర్."

"ఎవరిదో తెలుసా?"

ఎఫువా మాట్లాడలేదు.

నేను అన్నాళ్లుగా అక్కడ తిరుగుతూ కూడా ఆ క్షణం దాకా అర్థం చేసుకోనిది అదే. తెలియదు అంటే నీళ్ల ముందు అబద్ధం. తెలుసు అంటే జోడీ రహస్యం ఇంకో చెవికి మోయడం. ఆమె ఇచ్చిన రెండు మాటలూ రెండు వైపుల నుంచీ వచ్చి ఆమె నోరు మూసేశాయి. ఆమె నా వైపు చూడను కూడా లేదు. చూస్తే అదే చెప్పినట్టు అవుతుందని కాబోలు. గిన్నెలో తన చేతిని చూసుకుంటూ నిలబడింది.

మదర్ నా వైపు తిరిగింది. "నువ్వు ఈమె జోడీవి. చెయ్యి పెట్టు. ఇది ఈమెదేనా?"

చెయ్యి పెట్టాను. నా తల ఆడింది. అటోసారి, ఇటోసారి.

గదిలో ఒక నిట్టూర్పు. "అవునంటున్నాడు" అన్నారెవరో.

అప్పుడు ఎఫువా తలెత్తింది. కోపంగా కాదు. తొందరగా, చంటిపిల్లవాడి తరఫున ఎవరికో వివరించి చెబుతున్నట్టు అంది. "మదర్, అతని తల ఊపుకు అవునని అర్థం కాదు. అదొక అలవాటు. నోటితో చెప్పమనండి."

"మై సన్, నోటితో చెప్పు. అవునా?"

దీని గురించే నేను ఈ కాగితాలన్నీ రాస్తున్నది. మొదటిసారి ఊగింది అలవాటు. మా నాన్న మెడ, మా తాత మెడ, కొట్టు గల్లాపెట్టె ముందు తరాలుగా ఆడిన మెడ. దాన్ని నేను ఆపుకోలేకపోయాను అనుకోవచ్చు. కానీ ఆ తర్వాత ఆమె అంత స్పష్టంగా విప్పి చెప్పాక, గది అంతా నా నోటి వైపు చూస్తుండగా, నాకు ఊపిరి పీల్చుకునేంత సమయం ఉంది. ఆ సమయంలో నేను ఆలోచించాను. నోటితో అంటే కట్టుబడాలి. తలూపితే, నేనేమీ అనలేదని రేపు నాకు నేను చెప్పుకోవచ్చు. అంత వివరంగా ఆలోచించి, మళ్లీ తల ఊపాను. ఈసారి కాస్త కిందికి. వాళ్లకు అర్థమయ్యేలా.

రెండోసారి ఊగింది అలవాటు కాదు. నేను.

ఎఫువా నడుం పట్టీ తనే విప్పింది. అంగీ మీద నుంచి తీసి మడతపెట్టింది. బల్ల అంచున పెట్టింది. ఎవరూ ఆమెకు అడ్డం రాలేదు, దగ్గరికీ రాలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ, నేను అక్కడికి దగ్గరగా నిలబడి ఉన్నాను కాబట్టి కాబోలు, మెల్లగా అంది. "మీ బిల్డింగ్‌లో లిఫ్టు పాడైందటగా. మీ ఆవిడని మెట్లెక్కనివ్వకు."

అంతే. ఆమె నన్ను తిట్టి ఉంటే దాన్ని పట్టుకుని ఇన్నేళ్లూ బతికేవాణ్ణి. తిట్టినదాని మీద కోపం తెచ్చుకోవడం తేలిక.

తాయెత్తును సముద్రంలో పారేసి రమ్మని మదర్ ఎవరి చేతిలో పెట్టిందో ఊహించారా? నా చేతిలోనే. నమ్మకస్తుణ్ణి కదా. ఒడ్డుదాకా వెళ్లాను. చెయ్యెత్తాను. పారేశాక ఏమైనా జరిగితే? ఇప్పటికే ఒక దేవుడి ముందు అబద్ధమాడి వచ్చాను, ఉన్న రెండోవాణ్ణి కూడా ఎందుకు పోగొట్టుకోవడం? జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి మా ఆవిడ పరుపు కింద పెట్టాను. ఒక మనిషిని వీధిలో నిలబెట్టినదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాను. అలాంటివాణ్ణి.

ఎఫువా ఉండే గదిలో మిగతావాళ్లు సహవాసం వాళ్లే. వెలివేసినవారితో కలిసి తినకూడదు, ఒక కప్పు కింద పడుకోకూడదు. ఆమె గది పోయింది. ఆ ఆడవాళ్లే ఇక్కడ ఆమెకు అక్కలు, పిన్నులు, ఊరు, అదీ పోయింది. ఎక్కడో దూరాన ముసఫ్ఫా వైపు ఏదో కూలీల క్యాంపు వంటింట్లో చేరిందని కొన్నాళ్లకు విన్నాను. ఆ తర్వాత దేశం వెళ్లిపోయిందన్నారొకరు, లేదు ఇక్కడే ఉందన్నారింకొకరు. నేను గుచ్చి అడగలేదు. అడిగితే నా గొంతు పట్టిస్తుందని భయం. ఒకసారి ఆమె పాత నంబరు నొక్కాను. మోగింది. కట్ చేశాను. వెంటనే తిరిగి వచ్చింది కాల్. తీయలేదు.

పాప పుట్టింది. క్షేమంగా, మంచి బరువుతో, గట్టిగా ఏడుస్తూ. ఆ ఏడుపు వింటే ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టయింది. పాప పేరు చెప్పి సహవాసానికి వెళ్లడం మానేశాను. అంగీ సూట్‌కేసు అడుగున ఉంది. ఇక మరిచిపోవచ్చు అనుకున్నాను.

పాపకు ఏడాది నిండింది. రెండో పుట్టినరోజూ అయింది. మాట రాలేదు.

అమ్మ అనలేదు. అత్త అనలేదు. చెవులు బాగున్నాయన్నారు. డాక్టరమ్మ ఎంతో ఓపికగా చెప్పింది, కొందరు పిల్లలు ఆలస్యంగా మాట్లాడతారని, రోజూ కబుర్లు చెప్పమని, కంగారు పడొద్దని. మా ఆవిడ కంగారు పడదు. నేను మాత్రం ఆ గదిలో కూర్చుని ఒకే వాక్యం వింటున్నాను. నా ఇంట మాట ఎండిపోవాలి. నోట అందామని బేరమాడాను కదా! ఆమె నవ్వేసింది కదా! చదువుకున్నవాణ్ణే. పిల్ల మాటకూ నా అబద్ధానికీ సంబంధం లేదని నాకు నేను పగలంతా చెప్పుకుంటాను. నిజానికి అలా నమ్మడం పాపకు చేసే ఇంకో అన్యాయమని కూడా తెలుసు. దాని గొంతు దానిది, నా తప్పుకు అది బిల్లు కాదు. తెలిసినా, అది నీళ్ల గ్లాసు అందుకుని నా వైపు చూసినప్పుడల్లా నాకు ఎనామిల్ గిన్నె కనబడుతుంది. అప్పుడు వెళ్లి పరుపు కింది తాయెత్తు తీసి సముద్రంలో వేశాను. పశ్చాత్తాపంతో అనుకోకండి. భయంతో.

ఏదైనా అడిగితే పాప ఏం చేస్తుందో తెలుసా? తల ఆడిస్తుంది. అటోసారి, ఇటోసారి.

"అచ్చం మీ పోలికే, చూడండి! బేరానికొచ్చినట్టు!" అని మా ఆవిడ పగలబడి నవ్వుతుంది. వీడియో తీసి మా అమ్మకు పంపుతుంది. మా అమ్మ మురిసిపోతుంది. నేను నవ్వలేక లేచి బాల్కనీలోకి వెళ్తాను.

ఒకసారి మదర్ షాపుకు వెళ్లాను. చెప్పేద్దామనే. ఆమె నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో స్కూలు యూనిఫాం చేతులు సరిచేస్తోంది. నన్ను చూసి సూదులన్నీ తీసి పక్కన పెట్టింది. పాప ఎలా ఉందని అడిగింది. తర్వాత, గుడ్డ మీద నుంచి కళ్లెత్తకుండా అంది. "నీ జోడీ కోసం ప్రార్థిస్తున్నావా, మై సన్?"

నా తల ఆడింది.

ఆమె కళ్లెత్తింది. చూడవలసినదానికన్నా కాస్త ఎక్కువసేపు చూసింది. నా తలనే చూసింది, మొహం కాదు. ఆ రోజు ఎఫువా చెప్పింది గుర్తొచ్చిందా? లేక నా భయమే ఆమె కళ్లలో నాకు కనబడిందా? సూదులు మళ్లీ నోట్లో పెట్టుకుంది. బయటకు వచ్చి ఎండలో నిలబడ్డాను. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా చూసుకున్నాను.

ఈ మధ్య ఒక సాయంత్రం ముగ్గురం ఖోర్ ఫక్కాన్ ఒడ్డుకు వెళ్లాం. మా ఆవిడ ఐస్‌క్రీము కొనడానికి వెళ్లింది. పాప, నేను తడి ఇసుకలో కూర్చున్నాం. కెరటం పాదాల దాకా వచ్చి పోతోంది. అక్కడ నీళ్లు శుభ్రంగా ఉంటాయి, అడుగు కనబడుతుంది. నేను చెయ్యి ముంచాను. కావాలని కాదు. ముంచాక తీయలేకపోయాను.

అప్పుడు చెప్పాను. పైకి, తెలుగులో, రెండేళ్ల పిల్లతో. "అది ఎఫువాది కాదమ్మా. నేను పెట్టాను. నన్ను అడిగారు. నేను అబద్ధం చెప్పాను."

పాప నా నోటి వైపు చూస్తూ ఉంది. డాక్టరమ్మ చెప్పమన్న కబుర్లలో ఇది లేదు. చిన్న వేలు తెచ్చి నా కింది పెదవి మీద పెట్టింది, మాట ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతున్నట్టు. ఏమీ అనలేదు. అంటుందని ఆశపడ్డానా? ఆశపడ్డాను. అప్పుడు కూడా లోపల ఒకడు బేరం పెడుతూనే ఉన్నాడు: చెప్పేశాను కదా, ఇక పిల్లకు మాట ఇచ్చేయండి అని. ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే న్యాయం. ఎఫువాకు పోయిన గది నేను ఇసుకలో చెప్పిన మాటతో తిరిగిరాదు. మదర్‌కు చెప్పాలి. ఆ హాల్లో అందరి ముందూ చెప్పాలి. మా ఆవిడకు చెప్పాలి. చెబుతానా? ఇక్కడ మీరు నా మెడ వైపు చూస్తున్నారని నాకు తెలుసు.

ఏమో. భయంగానే ఉంది. మాట ఇచ్చి తప్పడం బాగా తెలిసినవాణ్ణి కాబట్టి ఈసారి మాట ఇవ్వడం లేదు. ఆ రోజు అడిగినదానికి మాత్రం, ఆలస్యంగానైనా, జవాబు ఇస్తున్నాను. ఆ తాయెత్తు ఎఫువాదేనా?

కాదు.

రాసి, కలం పక్కన పెట్టి, ఎదురుగా అద్దంలో చూసుకున్నాను. పైకి కూడా ఒకసారి అన్నాను. కాదు. గొంతు కీచుగా వచ్చింది. తల కదల్లేదు.